మేకున వేలాడే తువ్వాలు

రొయ్యల చెరువు గట్టు మీద కొంగలు బారులు తీరాయంటే నీళ్ళలో ఊపిరి అందడం లేదని అర్థం. రోడ్డు పక్క టీ కొట్టు బల్ల మీద కూర్చున్న వెంకన్నకి ఆ తెల్లటి బారు కనబడింది. గ్లాసు సగంలో వదిలేసి లేచాడు.

భోజనాల వేళ దాటి ఎంతోసేపు కాలేదు. అయినా మబ్బు కిందికి దిగి, ఊరంతా సందె పడ్డట్టుంది. పొద్దుట ఉరిమి వెలిసిన వాన తరవాత గాలన్నది లేదు. కొబ్బరి మట్ట కదిలితే ఒట్టు. ఇలాంటి రోజున నీళ్ళలో ఆక్సిజన్ దానంతటది పడిపోతుంది. ఏరియేటర్ల చక్రాలు తిరిగి నీటిని చిలకాలి. తిరుగుతుంటే ఆ చప్పుడు టీ కొట్టుదాకా వినిపించాలి. వినిపించడం లేదు.

పరుగెత్తి గట్టెక్కాడు. చక్రాలన్నీ నిలబడిపోయి ఉన్నాయి. పల్లపు మూల రొయ్యలు పైకి తేలి, మీసాలు బయటపెట్టి, గట్టు వారకి కొట్టుకొస్తున్నాయి.

చెరువు ఇస్సాకు మేష్టారిది. వరసగా రెండు పంటలు తెగులు పట్టి పోయాయి. మూడోది నిలిచి పట్టుబడికి వచ్చింది. ఇది కూడా పోతే చెరువు పూడ్చి కొబ్బరి వేసేస్తానని మేష్టారు చర్చి మెట్ల మీద నలుగురి ముందూ అనేశారు. పూడిస్తే వెంకన్నకి ఈ కాపలా పనీ లేదు, షెడ్డు వెనక తలదాచుకుంటున్న ఇల్లూ లేదు. వేటకి వెళ్ళే వయసు దాటింది. పడవ ఏనాడో తమ్ముడి పాలైంది. ఐదో తరగతితో బడి మానేసినవాడికి యాభై దాటాక ఎవడు పని ఇస్తాడు?

షెడ్డులోకి దూరాడు. బల్ల మీద కంప్యూటర్ తెరలో పచ్చటి అక్షరాలు చల్లగా కూర్చుని ఉన్నాయి: 'గాలి: నడుస్తోంది.'

ఆ అక్షరాల మీద అతనికి మొదటినుంచీ మంటే. మేష్టారి అమ్మాయి సుప్రియ అమలాపురంలో ఇంటి దగ్గరే ఉండి ఏదో కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంది. చెరువుకి ఈ ఏర్పాటు ఆవిడదే. కంప్యూటర్లో ఎవరికీ కనబడకుండా, తెర వెనకే ఉండి పని చేసుకుపోయే చిన్న ప్రోగ్రాములుంటాయట. డీమన్లంటారట. చర్చి సంఘపెద్ద షెడ్డులో ఆ దెయ్యం పేరేమిటని మేష్టారు అడ్డం తిరిగితే, పోనీ నౌకర్లందాం నాన్నా అంది. ఒక నౌకరు నీటిలో ఆక్సిజన్ కొలుస్తుంది. అది తగ్గగానే 'గాలి' అనే నౌకరు చక్రాలు తిప్పుతుంది. వాళ్ళని పనిలోకి దింపడానికీ, ఆపడానికీ పైన పెత్తందారు ప్రోగ్రామొకటి. దాన్ని హాస్కెల్ అనే భాషలో రాశానని, అందులో ఒక లెక్క అడిగితే ఎప్పుడడిగినా ఒకటే జవాబొస్తుందని, మనిషిలా పూటకో మాట ఉండదని చెప్పింది. ఆ మనిషెవరో వెంకన్నకి తెలిసిపోయింది. ఆ మర్నాడే చేత్తో వేసే స్విచ్చులు ఇనప పెట్టెలోకి పోయి, పెట్టెకి తాళం పడింది. తాళంచెవి మేష్టారి జేబులో ఉంది. మేష్టారు కొత్తపేటలో పెళ్ళి పందిట్లో ఉన్నారు, ఫోను ఎత్తడం లేదు.

వెంకన్న సుప్రియకి ఫోను కొట్టి లౌడ్‌లో పెట్టాడు.

"అమ్మాయి గారూ, చక్రాలు తిరగట్లేదండి. రొయ్య తేలిపోతందండి."

"తెర మీద ఏముందండీ?"

"నడుస్తోందనే ఉందండి. శుద్ధ అబద్ధమండి."

నెట్టు పెట్టె పొద్దుటి ఉరుముకే చచ్చింది. అక్కణ్ణుంచి తను లోపలికి చూడలేనని, తెర మీద ఉన్నది ఉన్నట్టు మళ్ళీ చదవమని ఆవిడ అడిగింది. చదివాడు. ఆవిడకి నమ్మకం కుదరలేదు. అది నడుస్తోందంటే నడుస్తూ ఉండాలే అంటోంది. చదువుకున్నవాళ్ళకి కళ్ళతో చూసినవాడి మాట కంటే తెర మీద మాటే మాట. వెంకన్న ఫోను బల్ల మీద పడేసి, మూలనున్న గునపం తీశాడు.

చప్పుడు వినబడినట్టుంది. "వద్దండి వెంకన్న గారూ. నేల తడిగా ఉంటుంది. ఆ పెట్టె జోలికి వెళ్ళకండి. రొయ్యలు పోతే పోనీండి."

కిందటేడు పక్క చెరువులో ఇలాంటి పెట్టెలోనే చెయ్యి పెట్టి ఒక మనిషి నిలబడ్డవాడు నిలబడ్డట్టే పోయాడు. గునపం పట్టుకున్న చేతులు తాళం దాకా వెళ్ళి ఆగిపోయాయి. బయట కొంగలు నీళ్ళలోకి దిగిపోయాయి.

అప్పుడొచ్చింది పెద్దింట్లమ్మ, అతని పెళ్ళాం, రొప్పుకుంటూ. గుమ్మంలో మేకుకి వేలాడుతున్న తువ్వాలు చూసింది, మొగుణ్ణి చూసింది. ఆ చుట్టుపక్కల చెరువులన్నిటి దగ్గరా ఒకటే వాడుక. మేకుకి తువ్వాలుంటే కాపలా మనిషి చెరువు మీద ఉన్నట్టు. అది చూసి రెండోవాళ్ళు తమ పని మీద పోవచ్చు.

"ఏవయ్యో, తువ్వాలుంది గదా, నువ్వున్నావనుకుని నేను గ్రూపు మీటింగుకి పోయేను. తువ్వాలిక్కడ పెట్టి మనిషి టీ కొట్లో కూకున్నాడా?"

"ఒక కేకేసి చూడొచ్చుగా?"

"తువ్వాలుంటే కేకెందుకు? ఎప్పుడైనా ఏశానా? తువ్వాలే కాపలా కాత్తాదనుకుంటే నీకు కూడెందుకు, దానికే పెడదును."

ఆ మాటలన్నీ విన్న సుప్రియ గొంతు ఫోనులోంచి నెమ్మదిగా వచ్చింది.

"వెంకన్న గారూ, పొద్దుట మెయిన్ దించేరా?"

ఉరిమితే మెయిన్ దించని ఇల్లు కోనసీమలో లేదు. అతనూ దించాడు, వెలిశాక ఎత్తాడు. కంప్యూటర్ దానంతటది లేచి 'నడుస్తోంది' అని రాసుకుంది. చక్రాలు తిరగలేదు గాని, పగలు అవి ఒక్కోసారి తిరగవు. నౌకరుగారికి తోచినప్పుడు తిప్పుతారులే అనుకుని తువ్వాలు తగిలించి వెళ్ళిపోయాడు. కానీ కంప్యూటర్ని పద్ధతిగా ఆపకుండా మెయిన్ దించొద్దని ఆవిడ మొదటిరోజే చెప్పింది. ఇప్పుడు ఔనంటే పోయిన సరుకంతా తన నెత్తి మీదే. లేదంటే ఎవరు చూశారు? గట్టు వైపు చూశాడు. ఒక కొంగ మెడ ఎత్తి మింగుతోంది.

"ఆయ్, దించేనండి."

ఆవిడ తిట్టలేదు. గబగబా చెప్పుకుపోయింది. గాలి పనిలోకి దిగగానే నేనున్నానని ఒక గుర్తు రాసి పెడుతుంది, దిగిపోయేటప్పుడు చెరుపుతుంది. మెయిన్ దించడంతో చెరపకుండానే పోయింది. కరెంటొచ్చాక పెత్తందారు ఆ గుర్తు చూసి, ఉందనుకుని, మళ్ళీ ఎవరినీ దింపలేదు.

"అది తువ్వాలు చూసిందండి. మనిషిని పిలవలేదు. అలా రాసింది నేనే. ఇప్పుడా గుర్తు మీరే చెరపాలి. నేను చెప్పిన అక్షరం చెప్పినట్టు కొట్టండి."

ఇంగ్లీషు అక్షరాలు వెంకన్నకి లారీల నంబర్ల మీద చూసినంత వరకే తెలుసు. అవీ పెద్దవి, విడివిడిగా. తడి వేలు లుంగీకి తుడుచుకున్నాడు. ఆర్. వెతికాడు. ఎమ్. కింద పొడుగు మీట ఒకసారి. తరవాత జి, ఏ, మళ్ళీ ఏ, ఎల్, ఐ. ఆవిడ ఒక్కొక్కటీ చెప్పి, అతను కొట్టానన్నాకే రెండోది చెబుతోంది. చుక్క దొరకలేదు. పెద్దింట్లమ్మ గుమ్మంలోంచి తేలినవి పల్లపు మూల దాటి వస్తున్నాయని అరిచింది. దొరికింది. పి, ఐ, డి.

"ఎంటర్ కొట్టండి."

కొట్టాడు. పచ్చటి అక్షరాలు మాయమయ్యాయి. మొదలు అనే మాట ఇంగ్లీషు అక్షరాల్లో చెప్పింది. అదీ కొట్టాడు. తెర మీద మళ్ళీ అదే మాట వచ్చి కూర్చుంది: 'గాలి: నడుస్తోంది.'

బయట ఏమీ కదల్లేదు. అదే మాట, అవే అక్షరాలు. వెంకన్న ఫోను మీదికి వంగాడు. "మళ్ళీ అదే అంటందండి," అన్నాడు.

"నీరు కొలవనివ్వండి," అంది సుప్రియ.

ఇనప పెట్టెలో ఠక్కుమని ఏదో పడింది. దూరపు చక్రం ఒక చుట్టు బద్ధకంగా తిరిగి, అందుకుంది. తరవాత దాని పక్కది. నీళ్ళు తెల్లగా ఎగిరాయి. కొంగలు ఒక్క పెట్టున లేచిపోయాయి.

పల్లపు మూలవి దక్కలేదు. మొగుడూ పెళ్ళాం పొద్దుగూకేదాకా గంపలకెత్తారు. మిగతావి అడుక్కి దిగాయి. వేసిన మేతని పట్టాయి. పెళ్ళి నుంచి వచ్చిన మేష్టారు గంపలు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళారు. పూడ్చడం మాట మాత్రం ఎత్తలేదు. తప్పు తనదేనని కూతురు ఆయనకి ముందే చెప్పేసింది. మెయిన్ సంగతి చెప్పలేదు. తిట్టు తినడానికి సిద్ధపడి నిలబడ్డ వెంకన్నకి ఆ దయ ముల్లులా దిగింది. ఒకరి దయ మీద బతకడం అతనికి కొత్త కాదు, అలవాటూ కాలేదు.

తరవాత సుప్రియ వచ్చి పెత్తందారుని సరిచేసింది. ఇప్పుడది గుర్తుని నమ్మదు. పేరు పెట్టి పిలుస్తుంది. పలక్కపోతే ఆ గుర్తు తీసేసి కొత్తవాణ్ణి దింపుతుంది. పెట్టె తాళంచెవి ఒకటి వెంకన్నకీ ఇచ్చింది.

పెద్దింట్లమ్మకి ఏ ప్రోగ్రామూ అక్కర్లేకపోయింది. ఇప్పుడు తువ్వాలున్నా సరే, గట్టు మొదట్లో నిలబడి ఊరు ఊరంతా వినేలా పిలుస్తుంది.

"ఏవయ్యో, ఉన్నావా?"

మొదటిరోజు వెంకన్న మోటారు వెనక కూర్చుని, కావాలనే నోరు మెదపలేదు. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆవిడ రెండోసారి పిలిచింది. చెప్పులు వదిలేసి గట్టు వెంట పరుగు మొదలుపెట్టింది.

అతను లేచి నిలబడ్డాడు.

"ఆయ్, ఉన్నానే. చావలేదు."