మలీద ముద్ద మీది గుంట

నైజాం రాజ్యం పోయి రెండు నెలలు కాలేదు, పీర్ల పండుగ రానే వచ్చింది. యాలాల్ పక్కనున్న ఆ ఊళ్లో ఈసారి పీర్ల కొట్టానికి తాళం పడింది. ఏటా పీర్లను లేపి, ఫాతియా దువా చదివే ముజావర్ మౌలాలి ఎటో పారిపోయాడని ఊరంతా అనుకుంటోంది.

ఆయన ఎటూ పోలేదు. బాల్‌రాజ్ ఇంట్లో, కందుల గుమ్మి వెనక ముడుచుకుని ఉన్నాడు. తెలిస్తే ముసలాయన పానం దక్కదు. రజాకార్ల మీది కసితో గొడ్డళ్లు పట్టుకుని తురకోళ్లను వెతుకుతున్న పోరగాళ్లకు పక్కింటి హన్మమ్మ కొడుకు కిష్టప్పే పెద్ద.

"ఈసారి మలీద వద్దత్తా, వాసనొస్తది" అంది బాల్‌రాజ్ పెళ్లాం ఇంద్రమ్మ, చంటోణ్ణి గుండెకు అదుముకుని.

"పీరు ఇస్తె పుట్టిండు గీడు. మొక్కు తప్పుతవా?" అత్త సత్యమ్మ అప్పటికే వేడి రొట్టెలు నలిపి బెల్లం కలుపుతోంది. నెయ్యి పోసి ముద్దలు కట్టి, తబుకులో పేర్చి గుమ్మి వెనక్కి పంపింది.

మౌలాలి పెదవులు కదిలీ కదలకుండా ఫాతియా చదివాడు. ఫాతియా అయిందని గుర్తుగా, ముజావర్ పెట్టే గుంటను ఒక్కో ముద్ద నడుమ బొటనవేలితో నొక్కాడు. చిటికెడు తీసి చంటోడి నోట్లో పెట్టాడు. వాడు చప్పరించాడు. ఇంద్రమ్మకు ఊపిరి తిరిగింది.

అంతలోనే వాకిట్లో గొంతు. "ఏమే ఇంద్రా! నెయ్యి వాసన మా గల్మ దాకొచ్చింది. మాకు పెట్టకుండ మీరే మింగుతరా?"

హన్మమ్మ. తొందరగా పంపేద్దామని ఇంద్రమ్మ రెండు ముద్దలు తెచ్చి చేతిలో పెట్టింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఇంద్రమ్మ గుంట లేని మలీద చూడలేదు. అందుకే ఆ గుంట కంటికి ఆనలేదు.

హన్మమ్మ కంటికి ఆనింది. నవ్వు ఆగిపోయింది.

"ఫాతియా ఎవలిచ్చిండ్రే?"

"మా... మా అత్తనే నొక్కింది."

హన్మమ్మ తన బొటనవేలు ఆ గుంటలో పెట్టి చూసింది. వేలు పట్టగా చుట్టూ ఇంకా జాగా మిగిలింది. గడపలో నిలబడ్డ సత్యమ్మ సన్నటి చేతుల వైపు చూసింది. కందుల అర్ర వైపు చూసింది. గుంట చెరగకుండా ముద్దల్ని కొంగులో మూట కట్టుకుంది.

"మా కిష్టప్పకు మలీదంటే మస్తు ఇష్టం" అంటూ మెట్లు దిగింది.

ఇంద్రమ్మ పరుగున లోపలికి పోయి, మిగిలిన ముద్దలన్నీ పిసికి గుంటలు పూడుస్తోంది.

హన్మమ్మ ఇల్లు చేరేదాకా కూడా ఆగలేదు. సందులోంచే పిలుపు వినబడింది.

"కిష్టప్పా! ఓ కిష్టప్పా! ఏడున్నవ్ రా, జల్ది రా!"