పోలరాజు వీపు

కుంకుడు నురగలో మునిగిన గొలుసుల్ని డార్కస్ బ్రష్షుతో రుద్దుతోంది. నీళ్ళు బూడిదరంగుకు తిరిగి, పైన జిడ్డు తెట్టుకట్టింది. జుంకాల కాడల్లో గుబిలి. నెక్లెసు వెనక చెమటకు తడిసి ఎండిన పౌడరు. ఎవరిదో పెళ్ళి ఉంగరంలో చపాతీ పిండి ఏళ్ళ తరబడి చేరి గట్టిపడిపోయింది. సూదితో గీకితే పుల్లటి వాసన వచ్చింది. డార్కస్ మొహం తిప్పుకుంది. ముందు షోరూములో, అద్దాల ఎదుట మెడలు వయ్యారంగా తిప్పుకునే ఆడవాళ్ళ అసలు సంగతి వెనక గదిలో ఉన్న ఆమెకు తెలుసు. మనిషన్నవాడి ఒంట్లోంచి ఇంత రోత ఎలా వస్తుందో మాత్రం తెలియదు.

ఉత్తరాది ఊళ్ళో, సాక్చీ బజారులోని ఆ నగలకొట్టు వెనక గదికి కిటికీ లేదు. ఒక మూల ఆమె సింకూ, స్టవ్వూ. ఇంకో మూల రాళ్ళు పొదిగే పోలరాజు పీట. గోవింద్‌పూర్‌లో భర్త లాజరస్‌కు కాంట్రాక్టు పని అయిపోయాక ఆమె ఈ సింకు దగ్గర చేరింది. అప్పటికి కూతురు సుకీర్తి బడిలో కూడా చేరలేదు. ఇప్పుడా పిల్ల కాలేజీకి వెళుతోంది, తల్లి తెలుగులో అడిగిన ప్రతిదానికీ హిందీలో జవాబు చెబుతోంది.

డార్కస్ ఒంటి మీద నగ లేదు. వాళ్ళ మందిరంలో బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు. ఆమె చెవుల రంధ్రాలు ఎప్పుడో పూడిపోయాయి. దానికామెకు చింత లేదు. పెట్టుకోవద్దన్నారు గానీ చేయవద్దని వాక్యంలో ఎక్కడుందని ఒకసారి పాస్టరమ్మను అడిగింది. పాస్టరమ్మ ఆ రోజు ప్రార్థన కాస్త పొడవుగా చేసింది.

ఆమెకు కావలసింది రాళ్ళు పొదగడం నేర్చుకోవడం. ఈ సింకు వదిలి ఆ పీట మీద కూర్చోవడం. కుంకుడుకాయా యాసిడూ కలిసి ఆమె వేళ్ళ తోలు తినేశాయి. ఎంత కడిగినా పరాయివాళ్ళ చెవుల వాసన పోదు. ఇంట్లో అన్నం చెంచాతో తింటుంది. ఫ్యాషన్ అనుకుని లాజరస్ ఆటపట్టిస్తాడు.

పోలరాజు నరసన్నపేట వైపు నుంచి వచ్చినవాడు. పని చేసినంతసేపూ ఆమెతో కబుర్లాడతాడు. రాయిని గూట్లో కూర్చోబెట్టి, చుట్టూ బంగారాన్ని ఉలిమొనతో లేపి, రాయి మీదకి వంచే క్షణం రాగానే మాట ఆపి గోడవైపు తిరిగిపోతాడు. వాళ్ళ నాన్నా అలాగే తిరిగేవాడట. డార్కస్‌కు దక్కిన చదువల్లా ఆ వీపు. ఉలి నొక్కేటప్పుడు కుడి రెక్క కిందికి దిగుతుంది, రాయి బిగిశాక మెడ నిక్కుతుంది. అంతవరకే తెలుసు.

సుకీర్తి ఫోనులో వీడియోలు వెతికి పెట్టింది. వాటిలోనూ గోళ్ళకు నగిషీలు వేసుకున్న ఒకమ్మాయి ఉలి పట్టుకుని నవ్వుతుంది, సరిగ్గా ఆ క్షణం వచ్చేసరికి కోర్సులో చేరమంటుంది. "ఆగే కా బంద్ హై, మమ్మీ," అంది పిల్ల. డబ్బు కడితేగానీ ఆపైది తెరుచుకోదట. ఫోనుకు కూడా వీపుంటుందని డార్కస్‌కు అప్పుడు తెలిసింది. లైబ్రరీలో దొరికిన ఒకే ఒక్క నగల పుస్తకంలో బొమ్మలున్న పేజీలన్నీ ఎవరో కోసుకుపోయారు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం మానేసి కాసిడీహ్ పేటకు వెళ్ళింది. నగల తయారీ, అలంకరణ కళలు నేర్పబడును అని అక్కడో బోర్డు ఉంది. లోపలంతా గమ్ము వాసన. ఆడపిల్లలు ప్లాస్టిక్ గాజులకు పట్టుదారం చుట్టి అద్దాలు అతికిస్తున్నారు.

"రాళ్ళు పొదగడం నేర్పుతారా మేడమ్?"

"అదంతా మిస్త్రీల పని అక్కా. గమ్ము పెడితే ఎంతసేపు?" అంది టీచరు పద్మకుమారి, ఒక గాజు చేతికిస్తూ.

పట్టుకోగానే రాయి ఊడి డార్కస్ వేలికి అంటుకుంది. లాగితే చీమిడిలా తీగ సాగింది. గాజు అక్కడే పెట్టేసి, దారి పొడుగునా చీరకు వేలు తుడుచుకుంటూ వచ్చేసింది.

పోలరాజు దగ్గుతున్నాడు. చలికాలం మొదలైనప్పటి నుంచీ అతని పక్కన పాత పాలడబ్బా ఒకటి ఉంటోంది. అందులో ఉమ్ముతాడు. డార్కస్ అటు చూడదు.

"ఎక్కడికెల్లిపోనావే కూడు తినకండా?"

చెప్పింది. గమ్ము మాట వినగానే అతను నవ్వాడు. నవ్వు దగ్గయింది. ఉమ్మి, అరచేత్తో మూతి తుడుచుకుని, కాసేపు ఆమె వేళ్ళకేసి చూశాడు.

"మా పిల్ల గుంటలెవులికీ ఈ పనొద్దు. రా, ఇలా కూకో. ఈపు తిప్పను, సూసుకో."

డార్కస్ ఎన్నాళ్ళ నుంచో వినాలనుకున్న మాట. పోలరాజు జరిగి పీట మీద చోటిచ్చాడు. ఆ చోటు డబ్బా పక్కనే ఉంది. మూతి తుడుచుకున్న చేత్తోనే లక్కకర్ర ఆమె ముందుకు చాపాడు. కర్ర కొసన లక్కలో ఏడురాళ్ళ ముక్కుపుడక, దాన్ని పట్టిన బొటనవేలి మీద తడి మెరుస్తోంది. ఆమె కర్ర అందుకోలేదు.

"సెయ్యి కడుక్కొని వత్తాను బాబాయి."

చెయ్యి శుభ్రంగానే ఉంది. అయినా కొళాయి తిప్పి సబ్బు రాసింది. మళ్ళీ రాసింది. ఎందుకు రుద్దుతోందో తెలిసే రుద్దింది. ఇంతమంది గుబిలి గీకినదానికి ఒక్క ముసలాయన ఉమ్మి ఎక్కువైందా అని తనను తాను తిట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి వెనక్కి వచ్చింది.

పోలరాజు గోడవైపు తిరిగి ఉన్నాడు.

కోపం వచ్చిందనుకుంది. చెయ్యి కడగడం ఎందుకో అతనికి అర్థం కాకపోదు. సిగ్గుపడుతూ వెనకే నిలబడింది. రెక్క దిగుతుందేమోనని చూసింది. దిగలేదు. మెడ నిక్కలేదు. ఆ వీపు ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"బాబాయి," అని భుజం ముట్టుకుంది. అతను మెల్లగా గోడకు ఒరిగిపోయాడు.

కొట్టు యజమాని సేఠు వచ్చాడు, ఆటో వచ్చింది. డార్కస్ ఊపిరి ఆగిన అతని మూతి తన కొంగుతోనే తుడిచింది. ఇప్పుడు రోత అనిపించలేదు. ఆ అనిపించకపోవడం మీదే ఆమెకు అసహ్యం వేసింది. అతన్ని తీసుకుని అందరూ వెళ్ళాక గదిలో ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.

పీట మీద లక్కకర్ర ఉంది. ఆరు రాళ్ళు బిగిసి ఉన్నాయి, చుట్టూ బంగారం ఇంకా వంచని ఏడోది గూట్లో వదులుగా కూర్చుని ఉంది.