లేవి కడుపు మీద నాలుగు గుడ్లు

తెల్లారేసరికి లేవి ఇల్లు ఊడ్చి, సంగటి కెలికి, కూతురు క్రిస్టినాకు జడలేస్తాడు. ఒక జడ పైకీ ఒకటి కిందికీ ఉంటుంది, ఆ మాట వేరే. పెండ్లాం జీవమ్మ కువైట్‌కు ఇంటిపనికి పోయి ఏడాదిన్నరయింది. మొదట్లో ప్రతి ఆదివారం చర్చి విడిచే వేళకు ఫోన్ చేసేది. ఆరు నెలలుగా అదీ లేదు. ఫోన్ ఆగిన కాడ్నించి ఐదేండ్ల క్రిస్టినా నోరు విప్పలేదు.

జీవమ్మ విమానమెక్కిన వారానికే లేవి కడుపు మీద అరచేతంత మేర వెంట్రుకలు రాలి, చర్మం వేడెక్కింది. అప్పట్నుంచి బద్వేలు దాపున ఆ పల్లెలో ఏ కోడి పొదుగుడు మాని లేచిపోయినా, గుడ్లు కడుపు మీద పెట్టి పొదగమని లేవి దగ్గరికే తెస్తారు. ఒక్కటీ మురగదు.

"ఏమప్పా లేవీ, ఈసారి పుంజులెన్ని?" అని పక్కింటి బొజ్జన్న ఎగతాళి చేస్తాడు గానీ, గుడ్ల బుట్టతో అందరికంటే ముందొచ్చేది ఆయనే.

లంకమల కొండ కింద గడ్డిబీళ్ళలో పూరేడు పిట్టల మీద పరిశోధన చేసే స్వర్ణలత మేడమ్‌కు గూళ్ళు వెతికిపెట్టేది లేవీనే. ఒకనాడు గూట్లో పిట్టను కుక్క పట్టుకుపోయింది. మేడమ్ నాలుగు గుడ్లూ చేతిగుడ్డలో తెచ్చి, లేవిని మంచమ్మీద పండబెట్టి, కడుపు మీద పెట్టింది. థర్మామీటరు చూసి "ముప్పై తొమ్మిది" అని పుస్తకంలో రాసుకుంది. అంతే.

"పాపం, పెట్ట పోయిందే మేడమ్."

"పెట్ట కాదు లేవీ, మగది. ఈ రకం పూరేడుల్లో ఆడది గుడ్లు పెట్టి, ఇంకో మగదాన్ని పిలుచుకుంటా పోతుంది. పొదిగేదీ, పిల్లల్ని తిప్పేదీ మగదే."

లేవి దూలం వైపు చూస్తూ అడిగాడు.

"మళ్ళీ వస్తాదా మేడమ్?"

ఆమె పెన్ను మూసింది. "మూడేండ్లుగా చూస్తాండా. రాదు."

గడపలో చింతగింజలాడుకుంటున్న క్రిస్టినా తలెత్తింది.

జీవమ్మ అన్న యేసుప్రసాద్ మంగంపేట ముగ్గురాయి గనిలో పనిచేస్తాడు. "ఆడదిక్కు లేని కొంపలో బిడ్డ మూగదైపోతాండాది. ఈస్టర్ లోపల మాట్లాడకుంటే మా ఇంటికి తీస్కపోతా" అని ముందే చెప్పిపోయినాడు. చెప్పినట్టే ఈస్టర్ మర్నాడు, లేవి ఇంకా కడుపు మీద గుడ్లతో మంచమ్మీదుండగానే దిగాడు. పాప గౌన్లన్నీ సంచిలో కుక్కి భుజాన వేసుకున్నాడు.

"లెయ్ బావా, బస్సు దాంకా వచ్చి సాగనంపు."

"లేస్తే పగుల్తాయి బావా. లోపల కదుల్తాండాయి. పాపనే ఒకసారి ఈడికి పంపు."

క్రిస్టినా మంచమెక్కి, గుడ్ల పక్కన నాయన కడుపు మీద చెవి ఆనించి పడుకుంది. బస్సుకు టైమయింది. యేసుప్రసాద్ గొణుగుతూనే నిలబడ్డాడు. ఒక గుడ్డు చిట్లింది. కాసేపటికి రెండోది, మూడోది. నాలుగోది విచ్చుకున్నాక పాప పెదాలు కదిలాయి.

"అమ్మ రాదు కదా నాయనా?"

బొంగురు గొంతు.

"రాదు పాపా."

యేసుప్రసాద్ తల వంచుకున్నాడు. ఇంక రానని చెల్లెలు ఆయనకు ఫోన్లో చెప్పి రెండు నెలలయింది.

సంచి తీసి గోడమేకుకు తగిలించి, ఒక్కడే బస్సుకు పోయినాడు.