ఆర్పిన హారతి

వేకువజాము మొదలు జడివట్టి కురిసిన శ్రావణమేఘములు ప్రొద్దెక్కిన పిదప కొంత తెరిపి యిచ్చి గౌతమీతీరసస్యశ్యామలక్షేత్రములపై ధూసరవితానమువలె వ్రేలాడుచుండగా, తడిసిన కొబ్బరిమట్టలనుండి నీటిబొట్లు టపటప రాలుచుండగా, నిలుకడ యెరుగని తూర్పుగాలి యొకమారు వీచి యొకమారు బిగదీసికొని మనుష్యుల మనస్సులనుగూడ ఊరకుండనీయక కలచుచుండగా, మల్లిడి భద్రిరెడ్డిగారి జాడీల కర్మాగారమున క్రొత్తగా కట్టిన బట్టీ యెదుట జనులు గుమిగూడియుండిరి. ఊరగాయలు పెట్టుకొను పింగాణిజాడీలను మూడుతరములుగా సరుగుడుకట్టెలతో కాల్చిన పాతబట్టీ వెనుకటి యేడు కూలిపోయెను. దాని స్థానమున గొట్టముగుండ వచ్చు గ్యాసుతో మండెడు బర్నరు వెలసెను. నాడు దానికి తొలినిప్పు.

తొలినిప్పు ముట్టించు గౌరవము పోలయ్య వంశమునకు చెందినది. వాని తాత ముట్టించెను, తండ్రి ముట్టించెను, తాను నలువదియేండ్లుగా ముట్టించుచుండెను. ఆ గౌరవముతోపాటు ఒక యాచారమును కలదు. యజమాని యింటి పెద్దముత్తైదువ అమ్మవారియెదుట వెలిగించిన కర్పూరహారతిని బట్టీమూతికడకు గొనివచ్చి నిలువవలయును. లోపల నిప్పు రాజుకొనువరకు ఆ హారతి కొండెక్కరాదు. ఎక్కినచో ఆ వాయిలోని జాడీలన్నియు బీటలువారునని నమ్మకము, నేరమంతయు నిప్పు పెట్టినవానిదని కట్టడి.

పోలయ్య కాలుగాలిన పిల్లివలె బర్నరుచుట్టు తిరుగుచుండెను. దానిని బిగించిన యింజనీరు నెలదినములు వానికి పని నేర్పి యూరు విడిచి పోవునపుడు, 'ముందు గాలి, పిదప గ్యాసు. అంటుకొననిచో వెంటనే గ్యాసు కట్టివేసి ఐదునిమిషములు పంకా నడిపి లోపలి గ్యాసునెల్ల పొగగొట్టముగుండ వెడలగొట్టి మరల ప్రయత్నింపుము. ఐదనగా ఐదే, నాలుగు కాదు' అని ముమ్మారు చెప్పించుకొనిపోయెను. కట్టెల మంట యెట్టిదో పోలయ్యకు తెలియును. అది కోపము వచ్చినచో బుసకొట్టును, పొగ విడుచును, ముందుగా హెచ్చరించును. ఈ కంటికగపడని యింధనము మాత్రము మాటామంతి లేక లోపల పేరుకొనునట్టిదని తలచినకొలది వాని గుండె దడదడ లాడుచుండెను.

అయినను పద్ధతి తప్పలేదు. గ్యాసుమీటలన్నియు మూసియున్నవని చేతితో తడివి చూచి, పొగగొట్టపు తలుపు తెరచి, పంకా నడిపెను. అంతలో భద్రిరెడ్డి తల్లి వీరరాఘవమ్మ జరీచీర గట్టి హారతిపళ్లెరముతో వచ్చి బట్టీకి నాలుగడుగుల దూరమున నిలిచెను. ఆమె వెనుక జాడీలకు మెరుగుపూత పూయు స్త్రీలు పదిమందికి పైగా నిలిచిరి. వారిలో పోలయ్య కూతురు నాగరత్నము, తండ్రికి జరుగబోవు మర్యాదను చూచుటకు ఎన్నడును కట్టని పట్టుచీర కట్టి, అందరికంటె ముందుండెను. పంకాగాలి బట్టీగోడకున్న చూపురంధ్రముగుండ వెలికిదన్ని హారతిజ్వాలను అటునిటు పడద్రోయుచుండెను.

"పోలయ్యా! ఆ పంకా నాపుము, హారతి కొండెక్కునట్లున్నది. ముహూర్తము మించుచున్నది. ఆలస్యాదమృతం విషమన్నారు" అని భద్రిరెడ్డి తొందరపెట్టెను.

ఆపరాదని పోలయ్య యెరుగును. ఎరిగియు, అడకత్తెరలోని పోకచెక్కవలె ఒక్క క్షణము నలిగి, కూతురివంక చూచి, పంకా నాపెను. మనుష్యుడు తెలియక చేయు తప్పులకంటె తెలిసి మొగమోటముచేత చేయు తప్పులే యెక్కువ.

పంకా నాపి గ్యాసు తెరచి నిప్పురవ్వమీట నొక్కెను. రాత్రివాన చెమ్మకు రవ్వ రాలలేదు. అప్పుడైనను గ్యాసు కట్టవలసినది. కట్టక రెండవమారు నొక్కెను, మూడవమారు నొక్కెను, నాలుగవమారు నొక్కెను. అంతట కుళ్లిన గ్రుడ్డువంటి వాసన వాని ముక్కుపుటములకు సోకెను. తటాలున గ్యాసు కట్టి తలయెత్తునప్పటికి వీరరాఘవమ్మ పళ్లెరముతో చూపురంధ్రమువైపు నడచుచుండెను.

"యంత్రమునకు చేతకానిచో మానె. అమ్మవారి నిప్పు నేనే యందింతును" అని యామె నవ్వుచు పలికెను.

పోలయ్య చేయి పంకావైపు పోయి ఆగెను. ఇప్పుడు పంకా నడిపినచో లోన పేరుకొన్న గ్యాసు ఆ రంధ్రముగుండ తిన్నగా హారతిమీదికే యురుకును. పిలిచి చెప్పుటకు వ్యవధి లేదు. ఒక్క దుముకున పోయి, రంధ్రమునకు జానెడు దూరమున నున్న పళ్లెరముపై తన యరచేతిని అదిమి, మండుచున్న కర్పూరమును ఆర్పివేసెను.

అందరును కొయ్యబారిరి. నలువదియేండ్లు హారతికి చేతులొగ్గినవాడు హారతినే నలిపివేసెను.

"వెనుకకు! అందరును ఆవలిపాకదాక పొండు! నిప్పుపుల్ల గీచినవాని ప్రాణమునకు పూచీ లేదు!" అని యరచుచు పోలయ్య, యజమానురాలని చూడక వీరరాఘవమ్మను భుజము పట్టి మరలించి, స్త్రీలనందరిని తరిమి, దరిదాపుల నిప్పన్నది లేదని కన్నార చూచికొని, అప్పుడు పంకా నడిపెను.

ఐదునిమిషములు! భద్రిరెడ్డి తిట్టుచుండెను, స్త్రీలు బుగ్గలు నొక్కుకొనుచుండిరి, గడియారపు ముల్లు కదలుచున్నదో లేదో తెలియకుండెను. మూడవనిమిషమున ముహూర్తము దాటిపోయెను. పోలయ్య కాలిన యరచేతిని తడిగుడ్డలో చుట్టుకొని, రెండవచేతితో రవ్వకమ్మి తడి తుడుచుచు, చాలునేమో చాలునేమోయని తొందరించు తన మనస్సునే మందలించుకొనుచు నిలిచెను. ఐదును నిండిన పిమ్మట చిన్నమంటకు మాత్రము గ్యాసు విడిచి మీట నొక్కగా రవ్వ రాలెను, మంట పుట్టెను. అది నిలిచినదని నిశ్చయించుకొని పెద్దమీటను వెండ్రుకవాసి వెండ్రుకవాసిగా తెరచెను. పసుపుపచ్చని నాలుకలు సోమరిగా సాగి గోడలు నాకుటచూచి గాలి హెచ్చించెను. మంట మూతినుండి యెగిరిపోజూడగా గాలిని రవంత తగ్గించెను. నీలవర్ణము తేరి, ఒకేస్థాయి హోరుతో జ్వాల కుదురుకొనెను.

భద్రిరెడ్డి దగ్గరకు వచ్చి మెల్లగా, "దోషము యంత్రానిదని చెప్పుము, పోలయ్యా. నలుగురిలో నీ మర్యాద కాపాడెదను" అనెను.

"యంత్రానికేమి దోషమయ్యా? పంకా నాపినది నేను. రవ్వ రాకున్నను గ్యాసు కట్టక నాలుగుమారులు నొక్కినది నేను. ఆ హారతి మరియొక యడుగు ముందుకు వచ్చియుండిన మనలో నెవ్వరమును మిగులము."

పంకా నాపుమన్న దెవరో యిరువురును పలుకలేదు. భద్రిరెడ్డి ముఖము గంటుపెట్టుకొని, "వచ్చువాయికి తొలినిప్పు వేరొకరు పెట్టుదురు" అని వెడలిపోయెను. జరిగిన కీడునకు ఊరెల్ల సాక్ష్యము పలుకును, జరుగని కీడునకు సాక్షి యెవడు?

స్త్రీలు గుంపుగా పోవుచు వానిని నోటికి వచ్చినట్లు దూషించిరి. నాగరత్నము మాత్రము మరలి వచ్చి తండ్రియెదుట నిలిచి కన్నీరు క్రుక్కుకొనుచు, "నలుగురిలో తలవంపులు తెచ్చితివి నాన్నా! తాతల నాటి మర్యాద బూడిదలో పోసితివి. రేపు నేను ఏ ముఖముతో పనికి వత్తును?" అని యొకటే పోరు పెట్టెను.

ఊపిరాడుచు, రొప్పుచు, కోపముతో నెఱ్ఱవారిన యా ముఖమును, తన్ను తిట్టుటకు కదలుచున్న యా పెదవులను కన్నులార చూచుచు, "తిట్టు తల్లీ, తనివితీర తిట్టు" అని పోలయ్య కాలని చేతితో బిడ్డ తల నిమిరెను.