పదకొండు పందుల జ్వరం

నాలుగో పందిని లారీ ఎక్కిస్తుండగా పశువుల డాక్టర్ కిరణ్మయి వచ్చి ఇంజన్ ఆపించింది.

యలహంకలో అంజినమ్మ పందులు పదకొండింటికీ జ్వరం. పక్క అపార్ట్‌మెంట్‌లో తొమ్మిది మందికి జ్వరం. పందులే అంటించాయని అసోసియేషన్ సెక్రటరీ శ్రీకాంత్ పట్టుబట్టాడు. వాటిని చంపి పూడ్చడానికి లారీ వచ్చింది. అవి పోతే అంజినమ్మకు మిగిలేది ఖాళీ దొడ్డి.

"లోడింగ్ ఎందుకు ఆపారు మేడమ్? ఇది పబ్లిక్ హెల్త్ ఇష్యూ," అన్నాడు శ్రీకాంత్, రెండు మాస్కుల వెనకనుంచి.

"ల్యాబ్ రిపోర్టు వచ్చింది. వీటికున్నది ఈ సీజన్లో మనుషులకు వస్తున్న ఫ్లూ. మీ అపార్ట్‌మెంట్‌లో ఉన్నదీ అదే."

"నేను చెప్పిందీ అదే కదా."

"మీరు తిరగేసి చెప్పారు. మనిషి నుంచి పందులకొచ్చింది."

శ్రీకాంత్ అంజినమ్మ వైపు చూశాడు. "అయితే ఈవిడే."

"నాకేం రోగం అప్పా? రెండుసార్లు ముక్కులో పుల్ల పెట్టి చూసినారు, ఏమీ లేదన్నారు. నీ గొంతే ఇంకా బొంగురుగా ఉండాది."

"దొడ్డిలోకి ఇంకెవరొస్తారు?" కిరణ్మయి అడిగింది.

"ఎవరొస్తారు మేడమ్? రోడ్డుమీదే ముక్కు మూసుకోని పోతారు. ఈ సారొక్కడే సోమవారం వచ్చినాడు. పందుల పక్కన కూకోని ఫోన్లో ఫొటోలు తీసుకున్యాడు. పెండ్లిచూపులకేమో అనుకుంటి."

"స్మెల్ గురించి కార్పొరేషన్ యాప్‌లో కంప్లైంట్ పెట్టాను," అన్నాడు శ్రీకాంత్. "సమస్యతో పాటు మన ముఖం కూడా ఫొటోలో ఉంటేనే యాప్ యాక్సెప్ట్ చేస్తుంది."

"మాస్కు?"

"ఉంటే ఫేస్ డిటెక్ట్ కాలేదు. తీసేశాను."

కిరణ్మయి తన ఫోన్లో ఆ ఫిర్యాదు తెరిచింది. పంది స్పష్టంగా లేదని మొదటి మూడు ఫొటోలను యాప్ తిరస్కరించింది. నాలుగోదాంట్లో శ్రీకాంత్ చెంపకూ పంది మూతికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. పంది ముక్కు శుభ్రంగా ఉంది. శ్రీకాంత్ ముక్కు ఎర్రగా ఉంది.

"మీకు జ్వరం ఎప్పుడు మొదలైంది?"

"ఆదివారం. మైల్డ్‌గానే."

"నా పందులు బుధవారం నుంచి మేత ముట్టలే," అంది అంజినమ్మ.

కిరణ్మయి కాగితం తీసి పంచనామా రాయడం మొదలుపెట్టింది. చంపాల్సిన పని లేదు, తగ్గేదాకా దొడ్డిలోనే విడిగా ఉంచితే చాలు. లారీ ఎక్కినవి దిగాయి. ఎక్కినప్పటంత గొడవ చేయలేదు.

అపార్ట్‌మెంట్ బాల్కనీలన్నీ జనంతో నిండిపోయాయి.

"మేడమ్," శ్రీకాంత్ గొంతు తగ్గించాడు. "నా పేరు బదులు ఒక నివాసి అని రాయొచ్చు కదా."

"పంచనామాలో అలా కుదరదు. చదివి వినిపించాలి కూడా."

ఆమె బాల్కనీల వైపు తిరిగింది.

"పందులకు ఫ్లూ అంటించినవారు, శ్రీకాంత్, అసోసియేషన్ సెక్రటరీ, ఫ్లాట్ నంబరు మూడు వందల నాలుగు."