అవతలి తలుపు గడియ

మా జట్టులో నన్ను అత్తగారంటారు. అననీ! ఎవరు రాసిన ప్రోగ్రామైనా నేను చూడందే ముందుకి పోదు. ఇక్కడ ఖాళీ ఎక్కువైందంటాను, అక్కడ వరుస వంకరంటాను. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతుందని చాటుగా అనుకుంటారనీ తెలుసు.

ఆ మధ్యాహ్నం నా ముందుకొచ్చింది ఊపిరి మిషను డ్రైవరు. అంటే మిషనుకీ దాని లోపలి కంప్యూటరుకీ మధ్య మాటలు మోసే ప్రోగ్రాము. గాలి ఎంతుందో సెన్సరుని అడిగి రాసిపెట్టేది ఒక భాగం, అది చూసి అలారం మోగించేది ఇంకో భాగం. ఇద్దరూ ఒకేసారి చెయ్యి పెట్టకుండా మధ్యలో ఒక తాళం. ముందు వెళ్లినవాడు వేసుకోవాలి, వచ్చేటప్పుడు తియ్యాలి.

రాసింది మా బావగారు. నాకేమీ కాడు, అందరితోనూ వేళాకోళమాడతాడని ఆ పేరు పడింది. పొద్దున నేను పెట్టిన పేచీలన్నీ సరిచేసి పంపాడు. "అత్తగారూ, ఇప్పుడైనా మనసు కరిగిందా? సాయంత్రానికల్లా ఇది ఇళ్లలో మిషన్లకి వెళ్లిపోవాలి."

అబ్బ, ఎంత ముద్దొచ్చిందో! తల దువ్వి బడికి పంపిన పిల్లలా ఉంది. సరేనని నొక్కడమే తరువాయి.

నేను ఇంట్లోంచే పని చేస్తాను. పక్కగదిలో అమ్మ పడుకునుంది. ముక్కుకి మా కంపెనీ మిషనే. దాని ఉస్సు ఉస్సు వింటుంటే నాకూ కళ్లు మూతలుపడ్డాయి.

చిన్నప్పటి ఇల్లు. స్నానాలగదికి రెండు తలుపులు, ఒకటి మా గదిలోకి, ఒకటి అమ్మ గదిలోకి. లోపలికెళ్లినవాళ్లు అవతలి తలుపుకీ గడియ పెట్టుకుని, వచ్చేముందు తియ్యాలి. గడియ పెట్టి కొళాయి తిప్పాను. నీళ్లు రాలేదు. సరేలెమ్మని మా తలుపులోంచి వచ్చేశాను. నేల మెత్తగా, తేలిపోతున్నట్టుంది. వెనక ఎక్కడో టక్ టక్.

"గడియ తియ్యలేదే," అంది అమ్మ, కోపంగా కాదు, మెల్లగా. "ఎంతసేపని నుంచోనే?"

దిగ్గున లేచాను. నీళ్లు రాకపోతే సరే, సెన్సరు పలక్కపోతే? ఆ దారి వెతికాను. సెన్సరు పలక్కపోతే ప్రోగ్రాము అట్నుంచటే వెళ్లిపోతోంది. తాళం వేసింది వేసినట్టే. అలారం బయట నిలబడే ఉంటుంది. ఊపిరి ఆగినా మోగదు.

బావగారికి ఫోన్ చేసి విరుచుకుపడ్డాను. "కళ్లు నెత్తికెక్కాయా? తాళం ఎవరు తీస్తారు, మీ తాతా?"

ఈసారి అతను వేళాకోళమాడలేదు. "మొదట తీశానండీ. తాళం తీసే చోటు చివర్లో ఒకటే పెట్టి, ఏ పొరపాటొచ్చినా అక్కడికి దూకేలా రాశాను. ఆ దూకుళ్లు చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయి, తీసెయ్యమంది మీరేగా."

పాతది తెరిచాను. వంకరటింకరగా ఉంది. కానీ ప్రతి దారిలోనూ తాళం తీసుంది. కిందే నా మాట: అసహ్యంగా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆ పాతదే మళ్లీ పెట్టండి బావగారూ. నేను చెప్పిన మార్పులేవీ చెయ్యకండి," అన్నాను.

అమ్మ లేచింది. "ఎవరిమీదే ఆ అరుపులు?"

"నామీదేనమ్మా."

"తలుపేసుకుని పని చేసుకో. ఈ మిషను రొద నీకెందుకు?"

"ఆ రొద నాకు వినబడాలి," అని తలుపు బార్లా తీసి, కుర్చీ గుమ్మంలోకి లాక్కున్నాను.