గరిటె పిడి గోడవైపు

ఆ రోజు తాను గరిటె పిడిని గోడవైపు తిప్పాడా, లేదా? ఇరవై ఆరేళ్ళుగా ఈ ఒక్క అనుమానం పెద్దాయనను చెదపురుగులా తొలిచేస్తోంది.

అప్పట్లో అన్నదమ్ములిద్దరూ ఒకే హోటల్లో వంటవాళ్ళు. ఉప్పు వేసినవాడు గిన్నెలోని గరిటె పిడిని గోడవైపు తిప్పి పెట్టాలి. అది చూసి రెండోవాడు ఉప్పు జోలికి పోకూడదు. వాళ్ళ వంటింటి కట్టుబాటు అది. ఓ పెద్ద విందు నాడు సూప్‌లో ఉప్పు రెండుసార్లు పడింది. పిడి తిరిగి లేదు కాబట్టే వేశానన్నాడు తమ్ముడు. తిప్పానని గట్టిగా అనడానికి అన్నకు నోరు రాలేదు. ఇద్దరిలో ఒకరినే ఉంచుకుంటానని అప్పటికే అంటున్న యజమాని సాయంత్రానికల్లా పెద్దవాణ్ణి పంపించేశాడు. వెళ్ళిపోయేవాడి దగ్గర రుచి చూసే చెంచా ఒకటి ఉంటే, రెండు రోజుల్లో ఇచ్చేస్తానని తమ్ముడు అడిగి తీసుకున్నాడు.

ఆ తర్వాత పెద్దాయన బతుకంతా ఓ బడి క్యాంటీన్‌లో కూరగాయలు తరగడంతోనే గడిచింది. ఉప్పు మళ్ళీ ముట్టుకోలేదు. ఇంట్లో కూడా భార్యే వేయాలి. నాలుకకు రుచి తెలిసేలా చేసిన దేవుడు చేతికి నమ్మకం ఎందుకివ్వలేదని పొద్దున్నే దండం పెట్టుకుంటూ అడిగేవాడు.

తమ్ముడు సొంత హోటల్ పెట్టి పన్నెండేళ్ళయింది. ఎనిమిది వంటకాలు, ఒక్కోదానికి జోడీగా ఒక్కో వైన్. అలా తినడానికి జనం నెలల ముందే పేర్లు రాయించుకుంటారు. ఇన్నాళ్ళకు అన్నావదినలకు పిలుపొచ్చింది. విందు కోసం కాదు, అడిగి తేల్చుకోవాలని వెళ్ళాడు పెద్దాయన.

వాళ్ళను వంటింటి గోడ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చాటంత పళ్ళెంలో గోరంత చేపముక్క వచ్చింది. దానికిది జోడీ అంటూ వడ్డించేవాడు తెల్ల వైన్ పోశాడు. తాము ముట్టమన్నా మర్యాద కోసమని పోస్తూనే ఉన్నాడు. ఐదు వంటకాలయ్యేసరికి ముట్టని గ్లాసులు గోడ వెంట బారులు తీరాయి.

"ఏవండీ, మంచినీళ్ళకు జోడీ ఏమిటో అడగండి. ఆకలేస్తోంది," అంది భార్య.

ఆరోది సూప్. దాన్ని తమ్ముడే స్వయంగా తెచ్చాడు. గిన్నె పక్కన పాత చెంచా పెట్టాడు. పిడి అరిగిపోయిన ఆ చెంచాను పెద్దాయన వెంటనే గుర్తుపట్టాడు. అడగాల్సిన మాట నోటిదాకా వచ్చింది. తమ్ముడే ముందు నోరు విప్పాడు.

"పిడి గోడవైపే ఉందన్నయ్యా. చూసే వేశాను. అప్పుడు మీ మరదలికి నెలలు నిండుతున్నాయి. పని పోతే ఏం తింటామని..."

భార్య చేతిలో రొట్టెముక్క అలాగే ఆగిపోయింది.

"మీ వదిన కూడా అప్పుడు వట్టి మనిషి కాదురా," అన్నాడు పెద్దాయన.

తమ్ముడు తల దించుకున్నాడు. ఇన్నాళ్ళూ గుండెల మీద కుంపటిలా ఉందని, ఇవాళ్టికి దిగిందని గొణిగాడు. వాడి కుంపటి దిగింది సరే, తన ఇరవై ఆరేళ్ళు ఎవరు దించుతారో పెద్దాయనకు తెలియలేదు. పాత చెంచాతో సూప్ రుచి చూశాడు.

"ఉప్పు తక్కువైంది. తీసుకురా."

పక్క బల్లలవాళ్ళు తలలు తిప్పారు. ఆ హోటల్లో బల్లల మీద ఉప్పు ఉండదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. తమ్ముడి ముఖం కందగడ్డయింది. అయినా వెళ్ళి చిన్న గిన్నెలో ఉప్పు తెచ్చాడు.

భార్య అలవాటు కొద్దీ చెయ్యి చాపబోయింది. పెద్దాయన వద్దన్నాడు. చిటికెడు తానే తీసి వేసుకున్నాడు. కలిపి, చెంచా పిడిని గోడవైపు తిప్పి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

సూప్ తాగడం అయ్యాక చెంచాను శుభ్రంగా తుడిచి జేబులో పెట్టుకున్నాడు. మిగతా రెండు వంటకాలకు ఆగకుండా లేచాడు.